అడిగింది వెలుతురే

కమహువానీ,
ఫిబ్రవరి

రెంబెర్తో బావకి, జొరాయిదా రాస్తున్నది.

కవరు మీద నా చేతిరాత చూసి కంగారు పడి ఉంటావు. ఎవరికీ ఏమీ కాలేదు. అక్క పోయాక నేను నీకు రాసింది ఒక్క ఉత్తరం, అందులోనూ నాలుగు ముక్కలకి మించి లేవు. ఇన్నాళ్ళకి రాస్తూ పని చెబుతున్నానని తిట్టుకోకు. నాకు తెలిసిన టీవీ మెకానిక్కువి నువ్వొక్కడివే.

మా చుట్టల కార్ఖానాలో నువ్వెప్పుడూ అడుగు పెట్టలేదు కనుక మొదటినుంచీ చెబుతాను. గ్యాలరీ అనే పొడుగాటి హాల్లో వందమందికి పైగా చుట్టలు చుట్టేవాళ్ళు బడిపిల్లల్లా వరసగా బల్లల ముందు కూర్చుంటారు. వాళ్ళకి ఎదురుగా ఎత్తు పీఠం మీద నేను. పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల పైకి చదివి వినిపిస్తాను. వాళ్ళ చేతులకి పొగాకు, చెవులకి నేను. నా వయసులో సగం ఆ పీఠం మీదే గడిచింది.

పోయిన తుపానులో ఉత్తరం వైపు కిటికీలు విరిగాయి. రేకులు కొట్టి మూశారు, ఇప్పటికీ రేకులే. కరెంటు ఉంటే ఇబ్బంది లేదు. కానీ కరెంటు చుట్టపుచూపుగా వచ్చి పోతోంది. మీ మొరోన్‌లోనూ అంతేగా. చుట్టేవాళ్ళకి చీకటి అడ్డం కాదు, వాళ్ళ వేళ్ళకే కళ్ళుంటాయి. అక్షరం కనపడనిది నాకే. పొగాకు మధ్య కొవ్వొత్తి వెలిగించనివ్వరు. ఫోను దీపం పెట్టుకుంటే నాలుగు పేజీలకి ఫోను చచ్చిపోతుంది.

మొన్న మేనేజరు పిలిచాడు. మనిషి చెడ్డవాడు కాదు. చదువు సాగని రోజులే ఎక్కువయ్యాయనీ, నన్ను పొగాకు ఈనెలు తీసే గదికి మార్చమని పైవాళ్ళు అడుగుతున్నారనీ చెప్పాడు. ముందు బల్ల ఎర్నెస్తీనా గురించి నీకు అక్క చెప్పే ఉంటుంది, నోరు కత్తి. ఆ మాట విని, చుట్టలు కోసే కత్తి చేతిలో ఉండగానే లేచి అతని గదిలోకి వెళ్ళింది. "మేం చీకట్లో చుడతాం, ఆకలితో చుడతాం. చెవిలో ఏమీ పడకుండా మాత్రం మావల్ల కాదయ్యా" అని చెప్పి వచ్చింది. ప్రస్తుతానికి గండం తప్పింది.

ఎర్నెస్తీనా ఇంట్లో తెర పగిలిన టీవీ ఒకటి ఉంది. వాటి లోపల వెలిగే పట్టీలుంటాయనీ, మోటారుసైకిలు బ్యాటరీతో వాటిని వెలిగించవచ్చనీ ఎవరో చెప్పారట. ఆమె మొగుడి బండి పెట్రోలు లేక పడుకునే ఉంది, బ్యాటరీకి లోటు లేదు. ఎలాగన్నది నువ్వు చెప్పాలి. నా పుస్తకం మీద పడేటంత వెలుతురు చాలు.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటంటావేమో. లైను నిలవడం లేదు. పైగా రాసి ఉంటే మళ్ళీ మళ్ళీ చూసుకోవచ్చు. ఎర్నెస్తీనా తమ్ముడు లెయోవిహిల్దో లారీ మీ ఊరి మీదుగా పోతుంది. జవాబు అతని చేతికే ఇవ్వు.

నీ మరదలు,
జొరాయిదా

*

మొరోన్,
ఫిబ్రవరి

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం చూసి కంగారు పడ్డమాట నిజం. చదివాక నవ్వొచ్చింది. "మా చెల్లెలు పని పడితేగానీ నిన్ను బావా అనదు" అనేది మీ అక్క మిగ్దాలియా. ఆవిడ ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

సరే, విను. టీవీని ఒకరోజంతా ప్లగ్గు తీసి ఉంచండి. లోపలి పవర్ బోర్డు కరెంటు పోయినా కాసేపు మింగి దాచుకుంటుంది, తొందరపడితే కాటేస్తుంది. తర్వాత బోర్లా పడుకోబెట్టి వెనక మూత తీయండి. తెర గాజు పగిలిందన్నావు, చేతులకి గుడ్డ చుట్టుకోండి. దాని వెనక పాలమీగడ లాంటి తెల్లటి ప్లాస్టిక్కు రేకు ఉంటుంది, పారెయ్యకండి. దాని అడుగున పొడుగాటి పట్టీలుంటాయి, వాటి మీద బొత్తాల్లా దీపాలు. అవే నీకు కావలసినవి.

టీవీలో ఆ దీపాలన్నీ ఒకదాని వెనక ఒకటి చెయ్యి పట్టుకుని ఉంటాయి. అంతమందిని నడిపించే శక్తి నీ బ్యాటరీకి లేదు. నీది పన్నెండు వోల్టులు. ఒక్కో దీపం మూడు తాగుతుంది. అందుకని మూడేసి చొప్పున విడదీయాలి. పట్టీ మీది రాగి గీతను మేకుతో గీకి తెంపండి, మూడింటికి ఒక జట్టు. ప్రతి జట్టుకీ ఒక చివర ఎర్ర తీగ, ఒక చివర నల్ల తీగ. ఎర్రతీగకి మధ్యలో ఒక రెసిస్టర్ తప్పకుండా పెట్టాలి. వాటిని ఉత్తరంలో చుట్టి పంపుతున్నాను, ఒక్కోటి గోధుమగింజంత ఉంటుంది. బ్యాటరీ దగ్గర ఒక ఫ్యూజు. మొదట రెండు పెన్సిల్ సెల్లులతో ఒక్కో దీపాన్నీ తాకించి చూడండి. మిణుక్కుమంటే బతికున్నట్టు. కరెంటు లేనప్పుడు సోల్డరింగ్ ఎలాగంటే, లావు రాగిముక్కను బొగ్గుల మీద కాల్చి వాడుకోండి.

ఇంత కష్టమెందుకు, నీ పీఠాన్ని దక్షిణం కిటికీల దగ్గరికి జరుపుకుంటే పోదా? అక్కడ వెలుతురుంటుందిగా.

నా సంగతి మామూలే. టీవీలు తెచ్చేవాళ్ళు తగ్గారు, కరెంటుంటేగా పాడయ్యేది. రొట్టెలమ్మే ఒస్నియెల్ సైకిలుకి బ్యాటరీ మీద నడిచే ఆంప్లిఫయర్ కట్టమని ప్రాణం తీస్తున్నాడు, అరిచి అరిచి అతని గొంతు పోతోందట. గొంతు ఒకసారి రికార్డు చేసుకుంటే చాలు, ఇక లౌడుస్పీకరే అరుస్తుంది. అది పూర్తయిందంటే మా వీధికి మధ్యాహ్నం నిద్ర ఉండదు.

లైను కలిసినప్పుడు ఫోను చెయ్యి. ఇదంతా అయిదు నిమిషాల్లో చెప్పేద్దును.

రెంబెర్తో

*

కమహువానీ,
మార్చి

బావకి,

నువ్వు నన్ను తిడతావు. ముందే తిట్టేసుకో, తర్వాత చదువు.

టీవీ విప్పాం. ఎర్నెస్తీనా వంటింటి బల్ల మీద ఆమె, నేను, వెనక బల్ల డాయమీ ముగ్గురం కూర్చున్నాం. డాయమీ పనిలో చేరి ఏడాదయింది, మాట నెమ్మది, చెయ్యి చురుకు. గాజు ముక్కలు ఏరడం, పట్టీలు తీయడం ఆ పిల్లే చేసింది. గీకడం, అతకడం ఎర్నెస్తీనా. చుట్ట అంచు అతికించే వేళ్ళకి సోల్డరింగ్ ఒక లెక్కా. నీ ఉత్తరాన్ని నేను పైకి చదువుతుంటే వాళ్ళు చేశారు. ఆ పనైనా నాకు మిగిలింది.

రెసిస్టర్ దగ్గరే కథ అడ్డం తిరిగింది. "ఈ గింజ వెలుగుతుందా?" అని అడిగింది ఎర్నెస్తీనా. వెలగదన్నాను. "వెలగనిది దీపంలో ఎందుకు? నీ బావకి బరువు పెంచడం సరదా" అని పక్కన పడేసింది. నేనూ ఊరుకున్నాను.

మర్నాడు కరెంటు పోగానే పీఠం మీద తీగ కలిపాం. అబ్బ, ఎంత వెలుతురు! గ్యాలరీ అంతా కత్తుల పిడులతో బల్లల మీద టకటక కొట్టారు. మా దగ్గర చప్పట్లంటే అవే. పేపరు మొదటి పేజీ అయ్యేసరికి వెలుతురు నీలం తిరిగింది. రెండో పేజీలో వంకాయ రంగు. తర్వాత ఏమీ లేదు. చేత్తో తాకితే వేలు కాలింది. ఎర్నెస్తీనా తీగ ఊడబెరికి తన బల్లకి వెళ్ళిపోయింది.

మిగిలిన పట్టీలు రెండూ తీసేటప్పుడే విరిగాయి. ఇక మా దగ్గర టీవీ లేదు.

కిటికీ సంగతి అడిగావు. అక్కడ కూర్చుంటే వెనక బల్లలకి వినపడదు. గ్యాలరీ పొడుగు నీకు తెలియదు. పీఠాన్ని పాతకాలంవాళ్ళు ఆలోచించే అక్కడ కట్టారు.

ఫోను ఇంకా కలవడం లేదు.

జొరాయిదా

*

మొరోన్,
మార్చి

జొరాయిదాకి,

ఎర్నెస్తీనాకి చెప్పు, తాళం కూడా వెలగదు, కానీ తలుపుకి అది ఉండాలి. మూడు దీపాలు తొమ్మిది వోల్టులు తాగుతాయి. మిగిలిన మూడూ ఎటు పోవాలి? ఆ గింజ మింగాలి. మింగేది లేకపోతే దీపాలే మింగి కడుపు పగిలి చస్తాయి. ఆమె చంపినవి నిక్షేపంలాంటి దీపాలు.

తిట్టడం అయిపోయింది. లెయోవిహిల్దో తెచ్చే అట్టపెట్టెలో దీపం నేనే చేసి పంపుతున్నాను. నాలుగు జట్లు, ప్రతి జట్టుకీ దాని రెసిస్టరు, అన్నీ ఒక అల్యూమినియం బద్ద మీద బిగించాను, వేడి బద్దలోకి పోతుంది. పైన తెల్లరేకు కప్పాను, కళ్ళలో పొడవదు. టీవీలో వెలిగినంత గట్టిగా వెలగదు, సగమే. అందుకే ఏళ్ళు నిలుస్తుంది. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. ఇంకేమీ ముట్టుకోవద్దని ఆమెకి నా మాటగా చెప్పు. కరెంటు వచ్చినప్పుడల్లా బ్యాటరీని చార్జింగుకి పెట్టండి.

ఎక్కడివీ పట్టీలు అని అడగకు. ఎవరో తీసుకువెళ్ళకుండా వదిలేసిన టీవీ.

మిగ్దాలియా ప్రతి సెలవుకీ పోరేది, "ఒక్కసారి వచ్చి మా చెల్లెలు చదువుతుంటే విను, నీ డబ్బాల్లో అలాంటి గొంతు రాదు" అని. వెళ్దాం అనేవాణ్ణి. ఎప్పుడూ ఎవరిదో ఒక టీవీ అడ్డం వచ్చేది. బస్సులు సరిగా తిరగనీ, వస్తాను. నా దీపం కింద నువ్వు చదువుతుంటే ముందు బల్లలో కూర్చుంటాను.

రెంబెర్తో

*

కమహువానీ,
ఏప్రిల్

బావకి,

దీపం వెలిగింది. వెలుగుతూనే ఉంది. మధ్యాహ్నం భోజనాల నుంచి పని వదిలేదాకా రెపరెప కూడా లేదు. అక్షరాలు పొద్దుటి వెలుతురులో ఉన్నట్టున్నాయి. మేనేజరు వచ్చి తెల్లరేకు మీద వేలు పెట్టి చూసి, చల్లగా ఉందే అన్నాడు. ఈనెలు తీసే గది మాట మళ్ళీ ఎత్తలేదు. అందరూ నీ పేరు చెప్పుకుంటున్నారు. ఎర్నెస్తీనా నీ కోసం జామపండు ముద్ద పంపుతోంది. గింజ విషయంలో ఆమె పొరపాటు ఒప్పుకున్నట్టే, నోటితో మాత్రం చెప్పదు.

చదువు సాగుతోంది. కొత్త నవలకి ఓట్లు వేశారు, ఓడ మునిగిపోయి ఒంటరిగా బతికిన ఒకామె కథ నెగ్గింది. పేపరు మాత్రం డాయమీ చేత చదివిస్తున్నాను, అలవాటవుతుందని.

నువ్వు ఇప్పుడే ప్రయాణం పెట్టుకోకు. దారుల్లో లారీల కోసం నిలబడలేవు, నీ మోకాళ్ళు మంచివి కావు. చలికాలంలో చూద్దాం.

జొరాయిదా

*

మొరోన్,
మే

జొరాయిదాకి,

జామముద్ద అందింది. తెచ్చినవాడు దానితోపాటు ఇంకో మాట కూడా తెచ్చాడు.

లెయోవిహిల్దోని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. దీపం ఎలా ఉందని అడిగాను. బ్రహ్మాండంగా ఉందన్నాడు. సరుకు దింపడానికి వెళ్ళినప్పుడు గ్యాలరీలోకి తొంగి చూశాడట. "ఆ పిల్ల భలే చదువుతోంది మావా, మొదట్లో తడబడేది, ఇప్పుడు కుదురుకుంది" అన్నాడు. పేపరేగా అన్నాను. కాదు, నవలేనన్నాడు. మరి జొరాయిదా ఎక్కడుందని అడిగితే కప్పు కింద పెట్టి, తనకి ఆలస్యమవుతోందని లేచాడు.

నీ ఉత్తరాల్లో ఫోను కలవదని ఉంది. మా వీధిలో అందరికీ కమహువానీ నుంచి ఫోన్లు వస్తున్నాయి.

నాకు భార్య జబ్బు కూడా చివరిదాకా ఎవరూ సరిగా చెప్పలేదు. ఆవిడే చెప్పనివ్వలేదు. అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే తీరైతే నేను భరించలేను. ఏం జరిగిందో రాయి.

రెంబెర్తో

*

కమహువానీ,
మే

బావా,

నువ్వు అడిగావు, చెబుతున్నాను.

నాకు గొంతు లేదు. జలుబు కాదు, మందుకి తగ్గేది కాదు. లేదు, అంతే. ఫోను చేస్తే మొదటి మాటకే నీకు తెలిసిపోయేది. అందుకే చెయ్యలేదు.

నా పీఠం మీద మైకు ఉండేది. దాని పెట్టె కరెంటు మీదే నడిచేది. పోయిన ఏడాది ఎండాకాలం నుంచి కరెంటు పోయినప్పుడల్లా దీపాలతోపాటు మైకూ పోయింది. నేను గొంతు పెంచాను. గ్యాలరీ చివరిదాకా, వందమంది పొగాకు దులిపే చప్పుడు మీదుగా, రోజూ. నాకు ముందు ఆ పీఠం మీద కూర్చున్న వెన్సెస్లావో ముసలాయన మైకు ఎరగడు. "మైకు పెట్టుకునేది చదువరి కాదు, రేడియో" అనేవాడు. ఆ మాట నాకు తలకెక్కింది. మైకు లేకుండా చదువుతున్నానని, వెనక బల్లవాళ్ళు కూడా నవ్వవలసిన చోట నవ్వుతున్నారని గర్వంగా ఉండేది. సాయంత్రం ఇంటికి వచ్చి కల్లుప్పు నీళ్ళు పుక్కిలించి, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకునేదాన్ని. నీకు మొదటి ఉత్తరం రాసేనాటికే పొద్దున లేవగానే మాట వచ్చేది కాదు. వెలుతురు వస్తే చాలు, కళ్ళు చిట్లించకుండా కూర్చుంటే గొంతు మీద బరువు తగ్గుతుంది అనుకున్నాను. ఎందుకనుకున్నానో నాకే తెలియదు. మనిషి తనకి కావలసింది వదిలేసి అడగడానికి సులువైనది అడుగుతుంది కాబోలు.

నీ దీపం వచ్చిన రోజు పీఠం ఎక్కాను. తెల్లటి వెలుతురు పుస్తకం మీద పడింది. ఏళ్ళ తరబడి అంత బాగా అక్షరం కనపడలేదు నాకు. కొత్త నవల మొదటి పేజీ. గ్యాలరీ అంతా చేతులు ఆపి చూస్తున్నారు. నోరు తెరిచాను. మొదటి వాక్యం వచ్చింది. రెండోది సగం వచ్చింది. తర్వాత గాలి వచ్చింది.

ఊపిరి తీసుకుంటున్నానని అనుకున్నారు. మళ్ళీ ప్రయత్నించాను. పెదవులు కదులుతున్నాయి, నాకే వినపడటం లేదు. వెనకనుంచి ఎవరో "కొంచెం గట్టిగా, జొరాయిదమ్మా" అన్నారు. నేను చదువుతూనే ఉన్నాను బావా, శబ్దం లేకుండా. అలా పేజీ చివరిదాకా వెళ్ళాను. ఆపడం ఎలాగో తెలియలేదు.

ఎర్నెస్తీనా లేచి వచ్చి నా చేతిలో పుస్తకం తీసుకుంది. "దిగవే తల్లీ" అంది. ఆమె గొంతు అంత మెత్తగా ఉండగలదని నాకు తెలియదు. దిగాను. ఆమెకి కళ్ళజోడు లేక చదవలేకపోయింది. డాయమీని పిలిచింది. ఆ పిల్ల పీఠం ఎక్కి నేను ఆపినచోటు ఎక్కడో అడిగింది. వేలు పెట్టి చూపించాను. అక్కడినుంచి చదివింది. అదీ నేను నీకు రాసిన "చదువు సాగుతోంది". అబద్ధం రాయలేదు.

పెద్దాసుపత్రిలో చూశారు. గొంతులో తీగల మీద కాయలు కాశాయట, చుట్టేవాళ్ళ అరచేతుల్లో కాసినట్టు. ముందు చాలా నెలలు మౌనం అన్నారు. గుసగుస కూడా వద్దన్నారు. తర్వాత మామూలు మాట రావచ్చు. "పీఠం మీద చదవగలనా?" అని కాగితం మీద రాసి చూపించాను. డాక్టరమ్మ చిన్నది, డాయమీ వయసే ఉంటుంది. "కూరలు కొనుక్కోవడానికి సరిపోయేటంత గొంతు వస్తుందమ్మా" అంది.

ఇప్పుడు ఈనెలు తీసే గదిలో పని చేస్తున్నాను. ఎవరూ పంపలేదు, నేనే అడిగాను. గ్యాలరీ పక్కనే, తలుపు తీసి ఉంచుతారు.

నీకు చెప్పకపోవడానికి కారణం నీ దీపమే. అంత బాగా చేసి పంపావు. దాని కింద నేను చదువుతున్నానని నువ్వు అనుకుంటూ ఉంటే ఏం పోయింది అనిపించింది.

జొరాయిదా

*

మొరోన్,
జూన్

జొరాయిదాకి,

జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. రాసినవి చింపేశాను.

నీ ఉత్తరాలన్నీ మళ్ళీ తీసి చదివాను. మార్చిలో రాసినదాంట్లో ఉంది. "అక్కడ కూర్చుంటే వెనక బల్లలకి వినపడదు." నీ చేత్తో రాసి పంపావు. బతుకంతా రేడియోలూ టీవీలూ బాగుచేసినవాణ్ణి. వినపడదు అని ఎవరైనా నా బల్ల దగ్గరికి వస్తే ముందు నేను అడిగేది మైకేమయింది, స్పీకరేమయింది అని. నీ విషయంలో అడగలేదు. వెలుతురు అడిగావు, వెలుతురు ఇచ్చాను, బాగుందనుకున్నాను.

ఆ ఉత్తరం వచ్చిన వారమే నా బల్ల మీద ఒస్నియెల్ రొట్టెల బండి ఆంప్లిఫయర్ ఉంది. కారు రేడియోలోంచి తీసిన బోర్డు, పన్నెండు వోల్టులు, నీ దీపానికి వాడిన బ్యాటరీలాంటిదే. అతనికి గొంతు పోతోందని చెప్పాడు కనుక చేశాను. నువ్వు చెప్పలేదు కనుక చెయ్యలేదు. ఇప్పుడు పొద్దునా సాయంత్రం ఆ గొంతు మా వీధి వెంట తిరుగుతుంది, "మెత్తటి రొట్టె, వేడి రొట్టె" అని. ఎంత స్పష్టంగా వినపడుతుందో. నేను కిటికీ మూసుకుంటున్నాను. కోపమొచ్చిందా అని ఒస్నియెల్ అడిగాడు. నీ మీద కాదు నాయనా అన్నాను.

నేనూ నీకు ఒకటి చెప్పలేదు. ఆ పట్టీలు ఎవరో వదిలేసిన టీవీవి కావు. మిగ్దాలియా మంచం ఎదురుగా గోడకి ఉండేదే, అది. ఆవిడ పోయిన నెలకి పాడయింది. చిన్న లోపం, గంట పని. బాగుచెయ్యలేదు, ఎవరికీ ఇవ్వలేదు. నీ పట్టీలు కాలిపోయాయని చదివాక దాన్ని దింపి విప్పాను. చెల్లెలి చదువుకి అంటే ఆవిడ తానే విప్పి ఇచ్చేది. దాని వెలుతురులో నీ గొంతు ఒక్క పేజీ కూడా నిలవలేదని రాశావు చూడు, అక్కడ ఉత్తరం మడిచి బయటికి వెళ్ళిపోయాను.

ఇంకొకటి. నేను నీ చదువు ఎప్పుడూ వినలేదు. నలభై ఏళ్ళ చుట్టరికం. ఆవిడ అన్నిసార్లు అడిగింది. ఎవరెవరి టీవీల్లోనో ఎవరెవరి గొంతులో బాగుచేస్తూ కూర్చున్నాను. ఇప్పుడు వినాలంటే ఎవర్ని అడగాలి? ఎవరి ఫోనులోనైనా నీ గొంతు ఉందేమో కనుక్కోమని లెయోవిహిల్దోతో చెప్పాను. లేదన్నాడు. రోజూ వినేది ఎవరు దాచుకుంటారు?

ఆంప్లిఫయర్ ఒకటి తయారు చేశాను, డాయమీకి. ఆ పిల్ల గొంతైనా నిలవాలి. లారీలో పంపను, నేనే తెస్తున్నాను. మోకాళ్ళ మాట ఎత్తకు.

రెంబెర్తో

*

కమహువానీ,
జులై

బావా,

నువ్వు క్షేమంగా చేరావని లెయోవిహిల్దో చెప్పాడు. నేనిచ్చిన బొప్పాయి దారిలో ఎవరికో ఇచ్చేశావట. అది నీకోసం కోసింది, దానం చెయ్యడానికి కాదు.

నువ్వు వచ్చినప్పుడు ఇంట్లో నేను పలకమీద రాసి చూపిస్తుంటే నువ్వు పెద్దగా అరిచి జవాబు చెప్పావు. నాకు పోయింది గొంతు, చెవులు కాదు. నవ్వు ఆపుకోవడం కష్టమైంది, నవ్వడం కూడా వద్దన్నారు.

మర్నాడు గ్యాలరీలో తీగలు కలిపి, స్పీకరు ఎక్కడ పెట్టాలో చూస్తూ నువ్వు వెనక బల్లల దాకా నడిచావు. చప్పట్లు కొట్టి చూశావు, గోడకి చెవి పెట్టి చూశావు. అందరూ పని ఆపి నిన్నే చూశారు. తర్వాత డాయమీ పుస్తకం తెరిచింది. కేక పెట్టకుండా, ఇంట్లో ఎవరికో చెబుతున్నట్టు చదివింది. చిట్టచివరి బల్లలో ముసలి హెర్మెనెహిల్దో చెవికి చెయ్యి ఆనించుకుని వింటాడు, ఏళ్ళుగా అలాగే. ఆ రోజు చెయ్యి దింపేశాడు. నేను చూశాను.

నువ్వు నా పక్కన కూర్చుని టోపీ ఒళ్ళో పెట్టుకుని అంచు తిప్పుతూ ఉన్నావు. ఏదో చెప్పడానికే వచ్చావని నాకు తెలుసు. నీ మొహమే చెబుతోంది. కానీ చదువు సాగుతుంటే మా దగ్గర ఎవరూ మాట్లాడకూడదు. చదువు అయ్యేసరికి లారీ వచ్చేసింది. అలా ఇద్దరం పక్కపక్కన ఒక మధ్యాహ్నమంతా మాటలేకుండా కూర్చున్నాం. నాకు డాక్టరమ్మ వద్దంది, నీకు కార్ఖానా వద్దంది.

చెప్పకపోయినా ఫరవాలేదు. నువ్వు అడగలేదని నీకూ, నేను చెప్పలేదని నాకూ ఇక జీవితాంతం ఉంటుంది. దాన్ని నువ్వు ఒక్కడివే మొయ్యడానికి నేను ఒప్పుకోను. సగం నాది. నిజానికి సగం కన్నా ఎక్కువే. మైకు కావాలి అనడానికి నాకు చిన్నతనమైంది. వెలుతురు అడగడంలో చిన్నతనం లేదు, చీకటి అందరిదీ. గొంతు నా ఒక్కదానిది.

రాత్రులు ఇప్పటికీ కలలో చదువుతాను. కలలో గొంతు ఉంటుంది. లేచాక కాసేపు మంచం మీదే ఉండిపోతాను. అది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

అందుకని ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు అడగడం నేర్చుకుంటున్నాను. ఈ వయసులో కొంచెం కష్టంగానే ఉంది, రాసి కొట్టేసి మళ్ళీ రాస్తున్నాను. వంటింటి కుళాయి కారుతోంది, నువ్వు చూశావు గానీ ఊరుకున్నావు. బియ్యం సగం డబ్బాకి వచ్చాయి. పని నుంచి వచ్చాక పలకతో మాట్లాడటానికి ఎవరూ ఉండరు, ఎర్నెస్తీనా వచ్చినా ఆమె మాటలు ఆమెకే సరిపోతాయి. నాకు సాయంత్రాలు గడవడం లేదు బావా.

మళ్ళీ రా, వచ్చేటప్పుడు నీ పనిముట్ల పెట్టె మొత్తం తెచ్చుకో. లారీ తిరిగి ఎప్పుడు వెళ్తుందని ఈసారి డ్రైవర్ని అడగకు.

జొరాయిదా